ఇంటిపేరూ పదవీ: ఖరగ్‌పూర్ తెలుగువారి నామధేయాలు

బెంగాలీ భాషలో వంశనామానికి వాడుకలో ఉన్న మాట 'పదవి'. పలుకుబడిలో అది 'పదబి' అవుతుంది. ఆ సంస్కృతపదమే తెలుగులో ఉద్యోగాన్నీ అధికారాన్నీ తెలుపుతుంది. శ్రీకాకుళం సీమనుండి రైలుపనికోసం ఖరగ్‌పూర్ చేరిన తెలుగువానిని పొరుగు బెంగాలీ పదవి ఏమిటని అడిగితే, అతడు కళాసీననో ఫిట్టరుననో చెప్పటం సహజం. అడిగినవాడు ఆశించిన జవాబు మైతి, జానా, రాయ్, సర్కార్ వంటిది. ఈ చిన్న తికమకలో పెద్ద విషయమే ఇమిడి ఉన్నది. బెంగాలీ పదవులలో పెక్కింటికి మూలం పూర్వులు పొందిన హోదా. తెలుగు ఇంటిపేర్లలో పెక్కింటికి మూలం పూర్వులు విడిచివచ్చిన ఊరు. ఈ రెండు పద్ధతుల నడుమ, ఆంగ్లపద్ధతిలో గళ్ళు గీచిన ఆఫీసు కాగితంమీద, ఖరగ్‌పూర్ తెలుగువారి ఇంటిపేర్లు ఏమైనవో తెలుసుకొనటం నామశాస్త్రజ్ఞుల పనిమాత్రమే కాదు. తెలుగు రచయిత పేరు రాష్ట్రం దాటినప్పుడు జరిగేది కూడ ఇదే.

ఖరగ్‌పూర్ రైలు కన్న ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదో శతాబ్ది చివరి సంవత్సరాలలో అప్పటి మిడ్నపూరు జిల్లాలో ఈ కూడలిని నిర్మించినది. కలకత్తాకు, నాగపూరుకు, మద్రాసుకు పోయే దారులు ఇక్కడ కలిసినవి. వెనువెంటనే పెద్ద వర్క్‌షాపు వెలసినది. తూర్పుతీరాన బెజవాడ మొదలు కటకంవరకు 1893–1896 సంవత్సరాల నడుమ వేసిన దారిలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో ఈ కంపెనీ చేతికి వచ్చినది. తరువాత యాజమాన్యాలు మారినవి. 1944లో కంపెనీ ప్రభుత్వపరమైనది. 1952లో తూర్పు రైల్వేలో కలిసినది. 1955లో ఆగ్నేయ రైల్వే వేరుపడినది. ఐనా 2003లో తూర్పుతీర రైల్వే ఏర్పడేవరకు వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే రైలుసంస్థలో ఉన్నవి. అనగా నూరేండ్లపాటు విజయనగరం, శ్రీకాకుళం, పలాస, బరంపురం స్టేషన్లలో ఎక్కినవాడు తన కంపెనీ బండిలోనే తన కంపెనీ ఊరికి చేరినాడు. 1866లో గంజాంను, 1896–97లో గంజాం, విశాఖపట్టణం జిల్లాలను పీడించిన కరవుల జ్ఞాపకం ఇంకా మాయని కాలంలో, నెలజీతం దొరికే చోటికి రైలే దారి చూపినది. గ్యాంగుమనుషులుగా, కళాసీలుగా, కమ్మరులుగా, గుమాస్తాలుగా వచ్చినవారు మథురాకాటి, నింపురా వంటి పేటలలో స్థిరపడినారు. అంతకు ముందునుండి అదే తీరప్రజ కోరంగి, కళింగపట్నం రేవులలో ఓడలెక్కి రంగూను పోయేది. బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరు రావటానికి కారణం ఆ రేవే.

మనిషికి ఊరిపేరు తగులుకొనేది అతడు ఆ ఊరు విడిచిన తరువాతనే. ఇది ఇంటిపేర్ల విషయంలో తరచు మరపునకు వచ్చే సంగతి. బమ్మెరలో ఉన్నంతకాలం అందరూ బమ్మెరవారే. ఆ మాటతో ఒకనిని మరొకనినుండి వేరుచేయటం కుదరదు. గురజాడవారి పూర్వులు కృష్ణాజిల్లా గురజాడనుండి కదిలివచ్చినారు కాబట్టే విశాఖసీమలో వారు గురజాడవారైనారు. 1213లో పాలంపేటలో గుడి కట్టించిన రేచర్ల రుద్రుని పేరులోనూ ముందున్నది స్థలనామమే. ఈ దృష్టితో చూస్తే ఊరిమీద వచ్చిన ప్రతి ఇంటిపేరూ ఒక వలసకు సాక్ష్యం. అది కుటుంబం ఎక్కడ ఉన్నదో చెప్పదు. ఎక్కడినుండి లేచివచ్చినదో చెప్పుతుంది. శాసనం వేయించుకొనే స్తోమత లేని ఇంటికి ఉన్న ఏకైక చరిత్రపత్రం తరచు అదొక్కటే.

అన్ని ఇంటిపేర్లూ ఊర్లమీద రాలేదు. తాపీ ధర్మారావు వంశానికి తొలుత వేరే ఇంటిపేరు ఉండేది. ముత్తాత లక్ష్మయ్య తాపీపనిలో ఉద్దండుడు కావటంవలన జనం ఆయనను తాపీ లక్ష్మయ్య అన్నారు. చేతిలోని పనిముట్టు మనుమల కాలానికి వంశనామమై కూర్చున్నది. ఇంగ్లండులో కమ్మరి స్మిత్తు, కుట్టుపనివాడు టైలరు అయిన తీరు ఇంతకంటె వేరు కాదు. అక్కడ 1066నాటి నార్మన్ విజయానికి పూర్వం వంశపారంపర్యంగా వచ్చే పేరు సామాన్యునికి లేదు. ఊరు, వృత్తి, తండ్రిపేరు, దేహలక్షణం, వీటిలో ఏదో ఒకటి పిలుపుగా ఉండి, పద్నాలుగో శతాబ్ది ముగిసేసరికి ఇంగ్లండులో చాలమందికి కుటుంబనామంగా గట్టిపడినది. 1538లో ప్రతి చర్చిలోను పెండ్లి, పుట్టుక, చావు నమోదు చేయవలెనని ఆజ్ఞ వచ్చిన తరువాత ఆ నామాలు కాగితంమీద నిలిచిపోయినవి. వారి భాషలో వంశనామాన్ని తెలిపే మాటకు 'పైపేరు' అని అర్థం. అసలుపేరుమీద అదనంగా వచ్చి చేరినది కాబట్టి వారు దానిని చివర వ్రాసినారు. తెలుగువాడు ముందు వ్రాసినాడు.

ఈ ముందువెనుకలు కేవలం అలవాటు కాదు, వ్యాకరణం. గరికపాడునుండి వచ్చిన ఇల్లు గరికపాటి అయినది. వేలూరునుండి వచ్చినది వేలూరి అయినది. ఇ, టి, తి అనే ఈ వర్ణాలకు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఔపవిభక్తికాలని పేరు పెట్టినది. 'ఇల్లు' అనే మాట 'ఇంటి' అయి 'పేరు'ను కోరినట్లే, 'గరికపాటి' అనే మాట తరువాత మరొక పదాన్ని కోరుతుంది. అది షష్ఠిలో నిలబడి, ఎవరు అని ఎదురుచూస్తున్న పదం. దానిని తెచ్చి పేరు చివర పెడితే వాక్యం సగంలో ఆగినట్లుంటుంది. ఊరు పేరు ఉన్నదున్నట్లుగా ఇంటిపేరైన చోట ఈ లోపం కంటికి కనబడదుగాని, అక్కడా సంబంధం అదే. ఆంగ్లఫారంలో 'కడపటి పేరు' అనే గడి ఇంటిపేరుకు సరిపడకపోవటానికి మూలకారణం ఇది.

గడి మాత్రం ఖాళీగా ఉండరాదు. ఖరగ్‌పూర్ రికార్డులలో ఆ గడిని నింపినది 'రావు'.

రావు ఇంటిపేరు కాదు. రాజశబ్దం ప్రాకృతంలో రాయ అయి, తెలుగులో ఒకవైపు రాయలుగాను, మరొకవైపు రావుగాను నిలిచినది. మొదట ప్రభువులకు, పిదప దివాణాలలోని ఉద్యోగులకు, ఆపైన కొన్ని వర్ణాలవారికి గౌరవవాచకంగా చెల్లినది. ఆంగ్లప్రభుత్వం రావుసాహెబు, రావుబహద్దూరు బిరుదులిచ్చి దానికి కొంత మెరుగు పెట్టినది. ఇరవయ్యో శతాబ్దిలో కోస్తాజిల్లాలలో ఆ గౌరవం కొద్దిమంది సొత్తుగా మిగలలేదు. అప్పన్న కొడుకు అప్పారావు అయినాడు. రామన్న కొడుకు రామారావు అయినాడు. బడిలో వేసేటప్పుడు, పనిలో చేర్చేటప్పుడు పేరు చివర రావు చేర్చటం సామాన్యకుటుంబం చేసిన ఒక చిన్న తిరుగుబాటు. దానిని తేలికగా తీసివేయరాదు. ఐతే ఆ రావు పేరులో భాగమేగాని పేరుకు బయటిది కాదు. అప్పారావు అనేది ఒకే మాట. ఆఫీసు దానిని రెండుగా విరిచి, 'అప్పా' మొదటి గడిలోను, 'రావు' కడపటి గడిలోను వేసినది. ఇంటిపేరు ఒక ఆంగ్లాక్షరమై ఎదుట నిలిచినది.

దీని ఫలితం రెండోతరంలో బయటపడినది. తండ్రి కడపటి గడిలో రావు ఉన్నది కాబట్టి బడిలో పిల్లలందరికీ రావే వచ్చినది. తెలుగుదేశంలో స్త్రీపేరు చివర రావు వినటం అరుదు; ప్రవాసంలో అది వింతకాదు. ఆ ఆడపిల్లకు మరొక రావుల ఇంట పెండ్లి ఐతే కాగితం ప్రకారం ఆమె పేరు మారనే మారదు. పుట్టినింటి పేరు విడిచి మెట్టినింటి పేరు స్వీకరించిన సంగతి, తరతరాలుగా తెలుగుస్త్రీ జీవితంలో అంత బరువైన సంగతి, ఎక్కడా నమోదు కాదు. ఈ సౌకర్యాన్ని మెచ్చుకొనేవారు ఉండవచ్చు. కాని రెండు ఇండ్లపేర్లూ ఒకేసారి అదృశ్యం కావటం స్వేచ్ఛ అనిపించుకొనదు.

బెంగాలీ పొరుగువారికి రావు ఏమాత్రం కొత్తగా తోచలేదు. వారి 'రాయ్' కూడ రాజశబ్దపు సంతానమే. మూలం ఒకటే ఐన ఈ రెండు మాటలు ఖరగ్‌పూర్ గోల్‌బజారులో ఎదురుపడి ఒకదానినొకటి గుర్తుపట్టకుండ పోతున్నవి. రాయ్, మజుందార్, సర్కార్ వంటి పదవులు అధికారంనుండి పుట్టి వంశనామాలైనవి కాబట్టి, రావు కూడ అటువంటిదేనని బెంగాలీ గుమాస్తా భావించటంలో అతని తప్పు లేదు. తన సంప్రదాయం ప్రకారం అతడు సరిగానే వ్రాసినాడు. ఆంగ్లయజమాని తన సంప్రదాయం ప్రకారం సరిగానే గడి గీచినాడు. చెప్పవలసినవాడు తెలుగువాడు. జీతపుపట్టీలో పేరు పడటమే భాగ్యమైన దినాలలో అతడు చెప్పలేదు. అతనిని ఆక్షేపించటం న్యాయం కాదు.

సముద్రం దాటినవారికి మరొక తీరు ఎదురైనది. మారిషస్‌లోను, నేటాల్‌లోను కూలి ఒప్పందాలమీద వెళ్ళినవారి విషయంలో దొరతనం అడిగినది తండ్రిపేరు. తండ్రి అసలుపేరే కొడుకుకు వంశనామమై, అక్కడినుండి ముందుకు కదలలేదు. నాయుడు వంటి గౌరవపదం 'నాయిడూ'గా స్థిరపడినది. గుమాస్తా ఏ ప్రశ్న వేసినాడో దాని జవాబే వంశానికి గుర్తుగా మిగిలినది.

పొడి అక్షరం సంగతి మరికొంత చెప్పవలసి ఉన్నది. తెలుగున యాభైకి పైగా వర్ణాలు ఉండగా రోమనులిపిలో ఇరవైయారే అక్షరాలు. తకారం, టకారం ఒకటే అవుతవి. దకారం, డకారం ఒకటే అవుతవి. కాళీపట్నంవారు, కొడవటిగంటివారు, కందుకూరివారు ఒకే 'కె' క్రింద చేరుతారు. మాట అక్షరమైనప్పుడు ఒక నష్టం. ఆ అక్షరం పరలిపిలోకి మారినప్పుడు రెండో నష్టం. ఉత్తరాంధ్రలో పొట్నూరు అనే ఇంటిపేరు ఉన్నది. పొట్నూరు కృష్ణదేవరాయలు కళింగజైత్రయాత్రలో జయస్తంభం నాటిన చోటు. 'పి. రావు' అనే సంతకంలోని ఆ మొదటి అక్షరం వెనుక ఆ ఊరే ఉండవచ్చు, పలాస ఉండవచ్చు, పెంకుటిల్లు ఉండవచ్చు. మూడోతరంవానికి అది తెలియవలెనంటే ఇంట్లో పెద్దవారు మిగిలి ఉండవలె.

తెలుగు రచయిత చేతిలో ఇదే పొడి అక్షరం మరొక విధంగా పండినది. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయినాడు. పుట్టినది పూడిపెద్దివారింట, దత్తతవలన వచ్చిన శ్రీరంగంవారి తొలి అక్షరమే ఆయన కవినామంలో మొదటి శ్రీకారం. చాగంటి సోమయాజులు చాసో, రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు కారా. వీరందరూ ఖరగ్‌పూర్ తెలుగువారి పూర్వులు బయలుదేరిన ఆ ఉత్తరాంధ్రవారే. వీరి సంక్షేపాలలో ఇంటిపేరు తన తెలుగు అక్షరంతో, తన స్థానంలో, ముందే నిలిచినది. చాలవరకు జారిపోయినది రావు వంటి తోక. ఆఫీసు చేసిన పని దీనికి సరిగా తలక్రిందు.

రచయితలకే కాక రాష్ట్రపతికీ ఈ చిక్కు తప్పలేదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికోద్యమంలో వి.వి. గిరి పేరు ముఖ్యమైనది; 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు గొప్ప సమ్మె నడపిన కాలం అది. ఆయన బరంపురం వకీలు వరాహగిరి జోగయ్యపంతులు కుమారుడు. ఇంటిపేరు వరాహగిరి, పెట్టిన పేరు వెంకటగిరి. లోకం మాత్రం 'గిరి'ని వంశనామమనుకొన్నది. మిడ్నపూరు ప్రాంతంలో గిరి అనే పదవి కల కుటుంబాలు అనేకం కాబట్టి అక్కడివారికి ఆ భ్రమ మరింత సులభం. 1991లో ప్రధానియైన పాములపర్తి వేంకట నరసింహారావును విదేశీపత్రికలు కేవలం 'రావు' అని వ్రాసినవి. విశ్వనాథవారి వేయిపడగలును సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తెచ్చిన అనువాదకుడు ఆయన. ఆ గ్రంథం సూచికలో ఏ అక్షరం క్రింద వెదకవలెనో హిందీపాఠకునికి తెలియవలె గదా!

సూచికల మాట వచ్చినది కాబట్టి: అక్షరక్రమంలో రచయితల పట్టిక వేసి, కడపటి మాటను వంశనామంగా తీసుకొంటే, గురజాడ అప్పారావు, తాపీ ధర్మారావు, కొడవటిగంటి కుటుంబరావు, శ్రీరంగం శ్రీనివాసరావు, కాళీపట్నం రామారావు ఐదుగురూ ఒకే రావువారి ఇంట పుట్టిన అన్నదమ్ములవలె ఒకేచోట కూర్చుంటారు. ఆధునిక తెలుగుసాహిత్యంలో సగం ఒక్క కుటుంబం వ్రాసినదని పరభాషవారు భ్రమపడినా ఆశ్చర్యం లేదు. తెలుగుపాఠకుడు నవ్వి ఊరుకొనవచ్చు; అన్యభాషా గ్రంథాలయంలో ఆ పుస్తకం దొరకని పాఠకునికి నవ్వు రాదు.

ఖరగ్‌పూర్‌లో ఇంటిపేరు పూర్తిగా చావలేదు. ఆఫీసుకు అక్కరలేని దానితో పెండ్లికి అక్కర ఉన్నది. ఒకే కులంలో ఒకే ఇంటిపేరువారు దాయాదులు, వారి నడుమ సంబంధం కూడదు అన్న ఆచారంవలన, వరుడు ఏ ఉద్యోగంలో ఉన్నాడన్న ప్రశ్నకు ముందే ఏ ఇంటివాడన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు మాత్రం రావు అంటే చాలదు. అసలుపేర్లు కూడ కొంత కాపు కాసినవి. అప్పలస్వామి, అప్పలనాయుడు అనేవి సింహాచలం అప్పన్న ఇచ్చిన పేర్లు. పైడితల్లి విజయనగరానిది, నూకరాజు అనకాపల్లి నూకాలమ్మ చలవ. ఇంటిపేరు మరచిన కుటుంబానికైనా తాతపేరులో ఊరి దేవత కనబడుతూనే ఉన్నది. ఐతే ఇటీవలి తరాలు పిల్లలకు దేశమంతటా చెల్లే పేర్లు పెట్టుతున్నవి. పేరు ఊరిని వదిలి, ఇంటిపేరు అక్షరమై, రావు ఒక్కటే తెలుగుతనానికి గుర్తుగా నిలిచిన చోట ఆ గుర్తు బలహీనమైనదే. కన్నడంవారికీ, కొంకణివారికీ, మరాఠీవారికీ రావు ఉన్నది.

ఇంటిపేర్లు మారకూడదని వాదించటం చరిత్రకు విరుద్ధం. తాపీవారి కథే అందుకు నిదర్శనం. రంగూనును ఉత్తరాంధ్రజనం రంగం అన్నారు. అక్కడికి పోయివచ్చినవారిని రంగంవారు అన్నారు. కాగితం అడ్డుపడక, మాటకు పాతస్వేచ్ఛ మిగిలి ఉంటే, మనుమల కాలానికి ఖరగ్‌పూర్ కూడ ఒక తెలుగు ఇంటిపేరై ఉండేది. గురజాడకు జరిగినది దానికీ జరిగేది. అది సహజమైన మార్పు. ఒక వలస గుర్తుమీద మరొక వలస గుర్తు పడటం. రావు విషయం అట్టిది కాదు. అది ఏ ప్రయాణాన్నీ తెలుపదు.

2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగువారిని భాషాల్పసంఖ్యాకులుగా గుర్తించి, తెలుగుకు అధికారభాషాప్రతిపత్తి కల్పించే నిర్ణయం తీసుకొన్నది. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలకాలంగా కోరినది అది. ఆ నిర్ణయం బడులకు, దరఖాస్తులకు ఎంతవరకు దిగివచ్చినా, తెలుగులిపిలో పేరు వ్రాసే ప్రతిచోటా ఇంటిపేరును ముందు, పూర్తిగా వ్రాయటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రచయితలు ముఖపత్రంమీద, సంపాదకులు విషయసూచికలో ఈ పని చేయవచ్చు. పొడి అక్షరాలతోనే ప్రసిద్ధులైనవారి విషయంలో ఒక్కచోటనైనా పూర్తిపేరు ఇవ్వవలె.

అనువాదకునికి మరొక శ్రద్ధ కావలె. తెలుగుకథను బెంగాలీ చేసేటప్పుడు పాత్రల పేర్లలో రావును విడదీసి పదవిగా వాడితే, కథలోని అప్పారావును అతని మిత్రుడు 'రావుబాబు' అని పిలువవలసి వస్తుంది. తెలుగుకథలో అటువంటి పిలుపు లేదు. అప్పారావును ఒకే మాటగా ఉంచి, 'గారు'ను అలాగే వదలటం మేలు. బెంగాలీలో వకారానికి వేరు ఉచ్చారణ లేదు కాబట్టి వేలూరి 'బేలూరి' అయి, కర్ణాటకంలోని బేలూరును తలపింపజేస్తుంది. దానికి భకారంతో సర్దుకొనటం ఇప్పటి వాడుక. మాట చివరి అకారాన్ని బెంగాలీ సాధారణంగా పలుకదు. పలికితే ఓకారంవైపు లాగుతుంది. గురజాడను తెలుగులో ఉన్నట్లే ఆ లిపిలో దించితే అక్కడి పాఠకుడు గురొజాడ్ అని చదువుతాడు. చివర దీర్ఘం పెట్టి వ్రాయవలె.